మూర్ఛను పసిగట్టే ఏఐ: 99 శాతం వెనక లెక్క

"నెలలో ఎన్నిసార్లు ఫిట్స్ వచ్చాయి?" న్యూరాలజీ ఓపీలో తప్పకుండా అడిగే ప్రశ్న ఇది. జవాబు చెప్పాల్సిన పేషెంటు మాత్రం ఫిట్స్ వచ్చిన ఆ రెండు నిమిషాలూ స్పృహలో ఉండడు. పక్కన ఉన్న తల్లో, భార్యో తాము చూసింది చెబుతారు. వాళ్లు వంటింట్లో ఉన్నప్పుడు వచ్చింది, అర్ధరాత్రి ఇల్లంతా నిద్రపోతుండగా వచ్చింది లెక్కలోకి రావు. పొద్దున లేచేసరికి నాలుక కొరుక్కుని ఉంటే, దిండు మీద రక్తపు మరక ఉంటే, ఒళ్లంతా కొట్టినట్టు నొప్పులుంటే రాత్రి ఏదో జరిగిందని అనుకుంటారు. మందు పెంచాలా, మార్చాలా, ఉన్నదే వాడాలా అన్నది ఈ అరకొర లెక్క మీదే తేలుతుంది.

అది ఎంత అరకొరో జర్మనీలో బాన్ యూనివర్సిటీ మూర్ఛ విభాగం వాళ్లు 2007లో లెక్కగట్టి చూపించారు. వీడియో, ఈఈజీ (మెదడు విద్యుత్తును గీతలుగా చూపే పరీక్ష) పరిశీలన కోసం ఆసుపత్రిలో చేరిన 91 మందిని, తమకు వచ్చిన ప్రతి మూర్ఛనూ రాసుకోమన్నారు. కెమెరా, ఎలక్ట్రోడ్లు ఎలాగూ అన్నిటినీ రికార్డు చేస్తూనే ఉన్నాయి. రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి చూస్తే, రికార్డయిన మూర్ఛల్లో 55.5 శాతం పేషెంట్ల కాగితంలో లేవు. నిద్రలో వచ్చినవైతే 85.8 శాతం లేవు. కొందరికి రాయమని రోజూ గుర్తు చేశారు కూడా. ఏమీ తేడా రాలేదు. వచ్చిందనే తెలియనప్పుడు ఎంత గుర్తు చేస్తే మాత్రం ఏం రాస్తారు?

మూర్ఛను కనిపెట్టే పని యంత్రానికి అప్పజెప్పాలన్న ఆలోచనకు అసలు బలం ఇక్కడుంది. ప్రపంచంలో సుమారు 5 కోట్ల మందికి మూర్ఛ వ్యాధి ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అందులో 80 శాతం దాకా పేద, మధ్యాదాయ దేశాల్లోనే ఉన్నారు. సరిగ్గా కనిపెట్టి సరైన మందులిస్తే 70 శాతం మంది దాకా ఫిట్స్ లేకుండా బతకగలరని కూడా ఆ సంస్థే చెబుతోంది.

ఏఐ చూసేది ఏమిటో తెలియాలంటే ముందు ఈఈజీ ఏమిటో చూడాలి. యేనా నగరంలో హాన్స్ బెర్గర్ అనే జర్మన్ సైకియాట్రిస్టు 1924లో మనిషి మెదడు విద్యుత్తును తొలిసారి నమోదు చేశాడు. ఐదేళ్ల తర్వాత, 1929లో గానీ దాన్ని ప్రచురించలేదు. ఇప్పటికీ మూలసూత్రం అదే, కాకపోతే ఇప్పుడు సాధారణంగా తల మీద 21 ఎలక్ట్రోడ్లు అంటించి గీతలు చూస్తారు. అందులో దొరికే సిగ్నల్ వోల్టులో పది లక్షల వంతుల లెక్కలో ఉంటుంది. "తలస్నానం చేసి, నూనె రాయకుండా రండి" అని ముందురోజే చెప్పి పంపేది అందుకే. కొబ్బరినూనె పొర అడ్డుంటే ఎలక్ట్రోడు సరిగ్గా పట్టదు, గీత నమ్మకంగా రాదు.

మామూలుగా ఉన్న మెదడు గీతలు సంతలో గోల లాంటివి. ఎవరి మాట వాళ్లది, దేనికీ పొంతన ఉండదు. మూర్ఛ మొదలవడం అంటే ఆ సంతలో ఒక మూల నలుగురు కలిసి ఒకే తాళానికి చప్పట్లు కొట్టడం మొదలుపెట్టినట్టు. పక్కవాళ్లు అందుకుంటారు. జోరు పెరుగుతుంది, తాళం మారుతుంది, ఒక్కోసారి సంతంతా అదే చప్పుడవుతుంది. తర్వాత ఉన్నట్టుండి ఆగిపోతుంది. ఈఈజీ చదివే డాక్టరు వెతికేది ఈ క్రమాన్నే. ఒక లయ ఎక్కడో పుట్టి, పెరుగుతూ, మారుతూ పక్కకు పాకడం.

చిక్కేమిటంటే లయ ఉన్నదల్లా మూర్ఛ కాదు. ఏదైనా నమిలితే గీతలు ఊగుతాయి. కళ్లు ఆర్పితే ఊగుతాయి. పసిబిడ్డ ఏడుస్తుంటే తల్లి జోకొడుతూ వీపు మీద తట్టినా ఆ లయ అచ్చం మూర్ఛ లాగే పడుతుంది. తెలిసిన టెక్నీషియన్ అయితే ఆ చోట "తల్లి జోకొడుతోంది" అని ఒక ముక్క రాసిపెడతారు. ఆ ముక్క లేకపోతే అనుభవం ఉన్న డాక్టరు కూడా ఒక క్షణం ఆగాల్సిందే.

తెర మీద ఈఈజీని సాధారణంగా పేజీకి 10 సెకన్ల చొప్పున చూస్తారు. ఒక్క రోజు రికార్డింగ్ అంటే 8,640 పేజీలు. ఈ 8,640 అనే సంఖ్యను గుర్తుంచుకోవాలి, కథంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

ఇన్ని పేజీలు తిప్పే పని యంత్రానికి ఇవ్వాలని చూసింది ఇప్పుడే కాదు. మాంట్రియల్ న్యూరలాజికల్ ఇన్‌స్టిట్యూట్‌లో జాన్ గాట్‌మన్ 1982లోనే ఆ పని చేసే ప్రోగ్రామ్ ప్రచురించాడు. అలల ఎత్తు ఇంత దాటితే, లయ ఇంతసేపు నిలిస్తే అనే నియమాలు మనిషి రాసిచ్చేవాడు, కంప్యూటరు వాటిని సరిచూసేది. నియమం రాయకుండా ఉదాహరణలు చూపించి నేర్పడం తర్వాతి మెట్టు. అందులో బాగా చెప్పుకోదగ్గది ఎంఐటీలో అలీ షోయబ్, జాన్ గుటాగ్ చేసి 2010లో ప్రచురించిన పని. బోస్టన్ పిల్లల ఆసుపత్రి రికార్డింగులు దానికి ఆధారం. దాని లోపల ఏం జరుగుతుందో చూస్తే ఏఐ అనే మాట చుట్టూ ఉన్న మాయ చాలావరకు పోతుంది.

ఈఈజీని 2 సెకన్ల ముక్కలుగా కోస్తారు. ఒక్కో ముక్కలో ఒక్కో ఛానెల్‌ను, అంటే రెండు ఎలక్ట్రోడ్ల మధ్య తేడాగా వచ్చే ఒక్కో గీతను, 8 జల్లెళ్లలో పోస్తారు. మెల్లగా ఊగే అలలు ఒకదాంట్లో, కాస్త వేగంగా ఊగేవి ఇంకోదాంట్లో, అలా ఏ జల్లెడలో ఎంత శక్తి పడిందో కొలుస్తారు. 18 ఛానెళ్లు, 8 జల్లెళ్లు. మూర్ఛ నడుస్తూ మారేది కాబట్టి వరసగా 3 ముక్కల్ని కలిపి చూస్తారు. 18 ఇంటూ 8 ఇంటూ 3, మొత్తం 432 సంఖ్యలు. ఈ 432 సంఖ్యల కట్ట మూర్ఛ వైపు పడుతుందా, మామూలు వైపు పడుతుందా అన్న గీత ఎక్కడ గీయాలో నేర్చుకోవడమే యంత్రం చేసే పని. ఇప్పటి డీప్ లెర్నింగ్ మోడళ్లు జల్లెళ్లను కూడా అవే తయారు చేసుకుంటాయి. మిగతా ఆట పెద్దగా మారలేదు.

ఆ 2010 పద్ధతి 24 మంది పేషెంట్లకు చెందిన 916 గంటల రికార్డింగ్ మీద పరీక్షకు నిలబడింది. 173 మూర్ఛల్లో 96 శాతం పట్టుకుంది. మూర్ఛ మొదలైన 3 సెకన్లలో, 24 గంటలకు 2 తప్పుడు అలారాలతో. ఈ రెండు అంకెలూ మధ్యస్థ విలువలు, అంటే సగం అంతకంటే తక్కువ, సగం అంతకంటే ఎక్కువ. ఫలితం ఇలా రాస్తే చదివేవాళ్లకు ఉపయోగం. ఎన్ని పట్టింది, ఎంత ఆలస్యంగా పట్టింది, ఎన్నిసార్లు ఊరికే అరిచింది, మూడూ ఉన్నాయి. అయితే ఒక షరతు ఉంది. ఏ పేషెంటుకు పెడతారో ఆ పేషెంటు పాత మూర్ఛల్ని ముందుగా చూపించి నేర్పాలి. ఒక మనిషిలో మూర్ఛలు చాలావరకు ఒకే తీరులో వస్తాయి, మనిషికీ మనిషికీ మధ్య మాత్రం పోలిక తక్కువ. అందుకే తెలిసిన పేషెంటు దగ్గర బాగా పనిచేసే యంత్రం, కొత్తగా వచ్చిన పేషెంటు దగ్గర తడబడుతుంది.

ఇక 99 శాతం సంగతి. మూర్ఛ మీద ఏఐ పరిశోధన పత్రాలు తిరగేస్తే "98.7 శాతం కచ్చితత్వం", "99.5 శాతం కచ్చితత్వం" అన్న మాటలు అడుగడుగునా కనిపిస్తాయి. ఒక చిన్న లెక్క వేద్దాం. రోజులో 1,440 నిమిషాలు. ఒక పేషెంటుకు ఆ రోజు 2 నిమిషాల ఫిట్ ఒకటి వచ్చిందనుకుందాం. ఏమీ చూడకుండా, ప్రతి క్షణం "మూర్ఛ లేదు" అని మాత్రమే చెప్పే ప్రోగ్రామ్ రాస్తే దాని కచ్చితత్వం 99.86 శాతం. పత్రం రాసుకోవడానికి అదిరిపోయే అంకె, పేషెంటుకు పైసా పనికిరాదు.

రెండోవైపు నుంచీ చూడాలి. మూర్ఛ లేని పేజీని "లేదు" అని 99 శాతం సరిగ్గా చెప్పే యంత్రం ఉందనుకుందాం. వినడానికి గొప్పగానే ఉంది. కానీ రోజుకు 8,640 పేజీలు. అందులో ఒక శాతం అంటే 86 తప్పుడు అలారాలు. గంటకు మూడున్నర సార్లు గంట మోగితే రెండో రోజుకే ఎవరో ఒకరు దాని గొంతు నొక్కేస్తారు. మూర్ఛ అరుదుగా వచ్చేది కావడమే ఇక్కడి పితలాటకం అంతా. అరుదైనదాన్ని వెతికేటప్పుడు శాతం అనే కొలత మోసం చేస్తుంది. రోజుకు ఎన్ని తప్పుడు అలారాలు అన్నదే అడగాల్సిన మాట.

ఆ 99 శాతాలు ఎక్కడి నుంచి వస్తున్నాయో వెతికితే చాలాసార్లు దారి మళ్లీ బాన్‌కే పోతుంది. 2001లో బాన్ పరిశోధకులు అందరికీ అందుబాటులో పెట్టిన డేటా ఒకటుంది. ఐదు గుంపులు, గుంపుకు 100 ముక్కలు, ముక్క 23.6 సెకన్లు. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుకు ఇంతకంటే సులువైన సరుకు దొరకదు. లోపల చూస్తే మొదటి రెండు గుంపులు ఆరోగ్యవంతుల తలపై నుంచి తీసినవి. చివరి మూడూ మూర్ఛ పేషెంట్ల మెదడు లోపల ఎలక్ట్రోడ్లు పెట్టి తీసినవి. నమలడం, కదలడం లాంటి చెత్త ఉన్న ముక్కల్ని కంటితో చూసి ముందే ఏరేశారు. ఆరోగ్యవంతుడి తలపై గీతను, పేషెంటు మెదడు లోపలి మూర్ఛ గీతతో పక్కపక్కన పెడితే తేడా చెప్పడానికి ఏఐ దేనికి, స్కేలు చాలు. తప్పు ఆ డేటాది కాదు. దాన్ని తయారు చేసింది మెదడు సిగ్నళ్ల గణిత స్వభావం చూడటానికి. ఆసుపత్రిలో మోగే అలారానికి పరీక్షగా దాన్ని వాడుకోవడం తర్వాత వచ్చినవాళ్ల సౌకర్యం.

ఇంకో కిటుకు కూడా ఉంది, తెలిసీ తెలియకా చాలామంది చేసేది. ఒకే మూర్ఛను ముక్కలుగా కోసి, ముక్కలన్నీ కలిపి, కొన్ని నేర్పడానికీ కొన్ని పరీక్షకూ పంచడం. ఒక ముక్క పాఠంలో, దాని పక్క ముక్క ప్రశ్నపత్రంలో. పేపరు లీకైన పరీక్షలో 99 మార్కులు రావడంలో వింతేముంది? పేషెంట్లను విడదీసి, ఎప్పుడూ చూడని మనిషి రికార్డింగ్ మీద పరీక్ష పెట్టినప్పుడు ఆ అంకె దిగిపోతుంది. ఎంత దిగిందో దాపరికం లేకుండా రాసిన పత్రాన్నే నమ్మాలి.

అసలు "సరైన జవాబు" ఎవరు చెప్పాలి అన్నది కూడా అంత తేలిక కాదు. హెల్సింకీ ఆసుపత్రిలో 79 మంది నవజాత శిశువుల ఈఈజీలను ముగ్గురు నిపుణులకు విడివిడిగా ఇచ్చారు. 39 మంది బిడ్డలకు మూర్ఛలు ఉన్నాయని ముగ్గురూ ఒప్పుకున్నారు. 22 మందికి లేవనీ ముగ్గురూ ఒప్పుకున్నారు. మిగిలిన 18 మంది దగ్గర ముగ్గురికీ ఒక మాట కుదరలేదు. నిపుణుల మధ్యే తకరారు ఉన్నచోట, యంత్రం నూటికి నూరు తెచ్చుకుందంటే ఎవరి జవాబుతో సరిచూశారో అడగాలి.

నవజాత శిశువుల విషయంలో ఏఐ సాయం నిజంగా విలువైనది. పుట్టిన బిడ్డల మూర్ఛలు చాలాసార్లు పైకి కనిపించవు. చెయ్యీ కాలూ కొట్టుకోవు, ఈఈజీలో తప్ప ఆనవాలు ఉండదు. నవజాత శిశువుల ఐసీయూలో రాత్రి రెండింటికి ఆ గీతలు చదవగలిగే మనిషి ఉండటం ఎక్కడైనా కష్టమే. ఐర్లండ్‌లోని కార్క్ పరిశోధకులు తమ అల్గారిథమ్‌ను, అంటే మూర్ఛను గుర్తించే ప్రోగ్రామ్‌ను, 8 ఆసుపత్రుల్లో నిజమైన వార్డుల్లో పరీక్షించి 2020లో ఫలితం ప్రకటించారు. కొందరు బిడ్డల మంచాల దగ్గర డాక్టర్లకు అల్గారిథమ్ చూపించారు, మిగతావాళ్ల దగ్గర చూపించలేదు. మూర్ఛలున్న బిడ్డల్ని గుర్తించడంలో గెలుపు రాలేదు. అల్గారిథమ్ ఉన్నచోట 81.3 శాతం, లేనిచోట 89.5 శాతం, గణాంకాల ప్రకారం పెద్ద తేడా కింద లెక్క కాదు. కానీ ఏ గంటలో మూర్ఛ ఉందో సరిగ్గా చెప్పడంలో 45.3 శాతం కాస్తా 66 శాతానికి పెరిగింది. బిడ్డకు మందు ఎప్పుడు ఇవ్వాలి, ఎప్పుడు ఆపాలి అన్నది గంటల మీద ఆధారపడే విషయం కాబట్టి ఇది చిన్న మెరుగుదల కాదు. బిడ్డలకు మూర్ఛల భారం మాత్రం తగ్గినట్టు తేలలేదు. ఈ రంగంలో వచ్చిన పత్రాల్లో ఇంత మర్యాదగా తన హద్దులు చెప్పుకున్నది తక్కువ.

ఆసుపత్రి దాటి ఇంటికి వస్తే ఈఈజీ ఉండదు. తలకు 21 తీగలు తగిలించుకుని ఎవరు తిరుగుతారు? అక్కడికి మణికట్టు పరికరాలు వచ్చాయి. వాటి పుట్టుక గురించి ఎంఐటీ ప్రొఫెసర్ రోజలిండ్ పికార్డ్ సభల్లో చెప్పే సంగతి ఒకటుంది. ఆమె ల్యాబ్ విద్యార్థి ఒకరు సెలవులకు ఇంటికి వెళ్తూ, మాటలు రాని తమ్ముడికి దేనివల్ల టెన్షన్ వస్తోందో చూద్దామని చర్మపు చెమటను కొలిచే సెన్సర్ అడిగితే, ఆమె రెండు ఇచ్చి పంపింది. తర్వాత గ్రాఫులు చూస్తుంటే ఒక చేతి గీత ఆకాశానికి లేచి ఉంది, రెండో చేతిది ఏమీ లేదు. సెన్సర్ పాడైందనుకుని ఆమె ఏవేవో పరీక్షించి, చివరికి ఆ కుర్రాడికే ఫోన్ చేసింది. అతను డైరీ చూసి చెప్పాడు, దాదాపు ఆ సమయానికే తమ్ముడికి ఫిట్స్ వచ్చిందని. చెయ్యి కొట్టుకోవడాన్నీ చర్మపు విద్యుత్ మార్పునూ కలిపి చూసే వాచీకి 2018లో ఎఫ్‌డీఏ (అమెరికాలో మందులకు, వైద్య పరికరాలకు అనుమతులిచ్చే సంస్థ) అనుమతి వచ్చింది.

ఈ వాచీలు పట్టేది ఒళ్లంతా కొట్టుకునే పెద్ద ఫిట్స్‌ని. అంతర్జాతీయ మూర్ఛ నిపుణుల సంఘం 2021 మార్గదర్శకాలు కూడా అంతవరకే సిఫారసు చేశాయి. మంచి పరికరాలు అలాంటి ఫిట్స్‌లో 90 నుంచి 96 శాతం పట్టాయి, తప్పుడు అలారాలు రోజుకు 0.2 నుంచి 0.67 దాకా ఉన్నాయి. అంటే పరికరాన్ని బట్టి ఒకటిన్నర నుంచి ఐదు రోజులకో అలారం ఉత్తుత్తిదే. పళ్లు తోముకుంటే మోగొచ్చు. గుడిలో భజనకు తాళం వేస్తే మోగదని ఎవరూ హామీ ఇవ్వలేరు.

తప్పుడు అలారానికి ఖరీదు అన్నిచోట్లా ఒకటే కాదు. 2013లో ఎఫ్‌డీఏ ఒప్పుకున్న ఒక పరికరాన్ని పుర్రెలో అమర్చి, తీగల్ని మెదడులోకో, మెదడు మీదకో పంపుతారు. మూర్ఛలా కనిపించే లయ మొదలవగానే అది చిన్న విద్యుత్ పోటు ఇస్తుంది. రోజుకు వందల సార్లు, కొందరిలో వెయ్యికి పైగా. అందులో చాలావరకు మూర్ఛగా మారేవి కావు. అయినా ఇబ్బంది లేదు, పేషెంటుకు ఆ పోటు తెలియదు. అదే తప్పుడు అలారం రాత్రి రెండింటికి తల్లి ఫోన్‌లో మోగితే ఆమె గుండె గుభేలుమంటుంది. నాలుగుసార్లు ఉత్తుత్తికి లేచాక ఐదోసారి లేవకపోవచ్చు. అలారం ఎవరి చెవిన పడుతుంది, విని వాళ్లు ఏం చేస్తారు అన్నది తేల్చకుండా అల్గారిథమ్ బాగుందనో బాగాలేదనో చెప్పలేం.

ఆ తల్లి లేచి చేయాల్సిన పని చిన్నదే. మనిషిని పక్కకు ఒత్తిగిలించాలి. నోట్లో ఏమీ పెట్టకూడదు. టైమ్ చూడాలి, 5 నిమిషాలు దాటితే అంబులెన్స్ పిలవాలి. మూర్ఛ ఉన్న పెద్దవాళ్లలో ఏడాదికి సుమారు వెయ్యిమందికి ఒకరు ఉన్నట్టుండి చనిపోతున్నారు. వాటిలో చాలా మరణాలు నిద్రలో, ఎవరూ చూడనప్పుడు జరిగేవే. ఇక మన ఊళ్లలో చేతిలో తాళంచెవుల గుత్తి పెట్టడం ఉంది కదా. ఫిట్ సాధారణంగా ఒకటి రెండు నిమిషాల్లో తనంతట తానే ఆగుతుంది. ఇల్లంతా వెతికి తాళాలు తెచ్చేసరికి సరిగ్గా ఆ టైమే అవుతుంది. పేరు తాళాలకు దక్కింది. ఏమీ చూడకుండా 99.86 తెచ్చుకున్న ప్రోగ్రామ్‌దీ ఇదే రకం పేరు.

ఫిట్స్ రాబోతోందని ముందే చెప్పడం వేరే విషయం, వార్తల్లో రెండూ కలిపేస్తుంటారు. మెల్‌బోర్న్‌లో 15 మంది మెదడు మీద పరికరం అమర్చి, ముప్పు ఎంతుందో దీపాల రంగుతో చెప్పే ప్రయోగం ఫలితాలు 2013లో వచ్చాయి. కొందరిలో బాగా పనిచేసింది. అది జరగని పని కాదని తేలింది, అంతే. ఇంటికి తెచ్చుకునే వస్తువు కాలేదు.

మన దగ్గర సంగతికి వస్తే, ఎక్కువమంది వాడే పెద్ద డేటాలు బోస్టన్‌వి, ఫిలడెల్ఫియాలోని టెంపుల్ యూనివర్సిటీవి. అక్కడి కరెంటు 60 హెర్ట్జ్, అంటే సెకనుకు 60 సార్లు ఊగుతుంది, మనది 50. కరెంటు తీగల గుయ్ శబ్దాన్ని 60 దగ్గర తీసేయడం నేర్చిన ప్రోగ్రామ్‌కు మన ఆసుపత్రి గీతల్లో 50 దగ్గరి రొద అలాగే మిగిలిపోతుంది. ఇది సరిచేసుకోవడం సులువే, ముందు ఎవరో ఒకరు గమనించాలి. బద్దెపురుగు లార్వాలు మెదడులో చేరడం వల్ల వచ్చే మూర్ఛలు అమెరికా, యూరప్ కంటే మన దేశంలో చాలా ఎక్కువ. పేషెంట్లు వేరు, కారణాలు వేరు, ఈఈజీ తీసే గది వేరు. మన రికార్డింగుల మీద పరీక్షించకుండా తెచ్చి పెట్టుకోవడం పొరపాటే.

ఈఈజీ మెషీను ఉండి చదివేవాళ్లు లేని ఊళ్లకు ఇంకో రకం సాయం ఎక్కువ అక్కరకొస్తుందేమో. డెన్మార్క్, నార్వే పరిశోధకులు 30,493 ఈఈజీలతో నేర్పిన మోడల్ ఒకటి 2023లో వచ్చింది. మూర్ఛ వస్తున్న క్షణాన్ని పట్టడం దాని పని కాదు. అరగంట మామూలు ఈఈజీ చూసి, ఇది బాగుందా, మూర్ఛ ఆనవాళ్లున్నాయా అని విడదీయడం. అందులో నిపుణులతో సమానంగా నిలిచింది.

ఎంతమంచి వాచీకైనా అందనిది బడిలో కూర్చున్న ఎనిమిదేళ్ల పిల్లకు వచ్చే మూర్ఛ. పది సెకన్లు అలా శూన్యంలోకి చూస్తుంది, మళ్లీ పలక మీదకు వంగుతుంది. చెయ్యి కొట్టుకోదు, కింద పడదు. పరధ్యానం అని టీచరు కసురుకుంటారు. దీన్ని పట్టడానికి ఈఈజీ గదుల్లో ఉన్న ఉపాయం చాలా పాతది. టెక్నీషియన్ ఒక కాగితపు గాలిమర తెచ్చి పిల్ల మూతి ముందు పెట్టి, ఆపకుండా మూడు నిమిషాలు ఊదమంటారు. ఊదుతూ ఊదుతూ మధ్యలో పిల్ల ఆగిపోతుంది. గాలిమర నిలిచిపోతుంది. తెర మీద సెకనుకు మూడు చొప్పున, 1930ల్లో బోస్టన్ డాక్టర్లు వర్ణించిన అవే కోసు అలలు వరసగా లేస్తాయి.